దూరవిద్యలో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ: చేరిన రోజు నుంచి పట్టా చేతికొచ్చేదాకా

ఈమధ్య ఒక ఆదివారం, మా డైట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ పట్టుకుని ఇంటికి వచ్చింది. "అక్కా, థియరీ పది పేపర్లూ పాసయ్యాను. మరి గ్రేడ్ కార్డులో ఇంకా నాట్ కంప్లీటెడ్ అనే చూపిస్తోందేంటి?" అంది. ఫోన్ తీసుకుని కిందికి జరుపుతూ పోతే ఎంఎఫ్ఎన్-006 దగ్గర మార్కులున్నాయి, ఎంఎఫ్ఎన్ఎల్-006 దగ్గర ఖాళీగా ఉంది. మొదటిది పబ్లిక్ న్యూట్రిషన్ థియరీ, రెండోది దాని ప్రాక్టికల్. రెండూ వేర్వేరు కోర్సులు. మధ్యలో ఉన్న ఆ 'ఎల్' అక్షరం ఆ పిల్ల కంటికి ఆనలేదు. ప్రాక్టికల్ బ్యాచ్ నడిచిన రోజుల్లో నైట్ డ్యూటీలు పడి వెళ్లలేదట. ఆ తర్వాత సంగతే మర్చిపోయింది.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నోలో డైటెటిక్స్ అండ్ ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ చదివేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇలాంటి చోటే. బయోకెమిస్ట్రీ కష్టమని అందరూ భయపడతారు కానీ, దాన్ని రెండోసారో మూడోసారో రాసి గట్టెక్కుతారు. లెక్క రాసుకోకపోవడం దగ్గరే బోల్తా పడతారు. రెగ్యులర్ కాలేజీలో అటెండెన్స్ తగ్గితే లెక్చరర్ పిలిచి అడుగుతారు, ఫీజు కట్టకపోతే ఆఫీసు గుమాస్తా కేకేస్తాడు. ఇక్కడ మిమ్మల్ని పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. గుమాస్తా పని కూడా మీదే.

ఇప్పుడు ఇంకో సంగతి కూడా వచ్చిపడింది. 2025 ఆగస్టులో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఒక ఆదేశం ఇచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తులకు సంబంధించిన 2021 చట్టం పరిధిలోకి వచ్చే సబ్జెక్టుల్లో 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా విద్యార్థులను చేర్చుకోవద్దని చెప్పింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీతో పాటు ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ పేర్లు అందులో ఉన్నాయి. అది కొత్త అడ్మిషన్ల గురించిన ఆదేశం. ఇప్పటికే లోపల ఉన్నవాళ్ల పని చదివి బయటపడటమే. కాకపోతే "ఈసారి కుదరకపోతే మళ్లీ చేరదాంలే" అనే ధీమా ఇక పనికిరాదు. అందుకే ఈ వరస రాస్తున్నాను.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

నవ్వకండి. యాప్‌లు, ఎక్సెల్ షీట్లు వద్దని కాదు. నాకైతే రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కే పనికొచ్చింది. దాని మొదటి రెండు పేజీల్లో మీ ప్రోగ్రామ్ గైడ్‌లో ఉన్న కోర్సుల పట్టికను యథాతథంగా దించుకోండి. థియరీ ఒక పేజీ, ప్రాక్టికల్, ప్రాజెక్టు ఇంకో పేజీ. కోర్సు కోడ్ పూర్తిగా రాయండి, 'ఎల్' ఉన్నచోట ఎర్ర ఇంకుతో రాయండి. పక్కనే క్రెడిట్లు.

క్రెడిట్ అంటే ఏంటో మొదట్లోనే అర్థం చేసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, కౌన్సెలింగ్ క్లాసుకు వెళ్లడం అన్నీ కలిపే ఆ 30 గంటలు. అంటే నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఉద్యోగం చేస్తూ రోజుకు గంటన్నర కూర్చోగలిగితే ఒక పేపరుకు 80 రోజులు. ఈ లెక్క వేసుకుంటే "ఈ జూన్‌లో ఐదు పేపర్లూ రాసేస్తా" అనే మాట ఫిబ్రవరిలో ఎందుకు అనకూడదో తెలిసిపోతుంది.

ప్రతి కోర్సు ఎదురుగా ఈ గళ్లు గీయండి: అసైన్‌మెంట్ ఇచ్చిన తేదీ, రసీదు, మార్కులు ఆన్‌లైన్‌లో కనిపించిన తేదీ, పరీక్ష ఫారం కట్టిన తేదీ, పరీక్ష ఫలితం. ప్రాక్టికల్‌కైతే బ్యాచ్ తేదీలు, హాజరు, రికార్డు మీద సంతకం. గడి ఖాళీగా ఉంటే ఆ పని అవ్వలేదన్నట్టే. "ఇచ్చేశాననుకుంటా" అనే మాటకు ఆ బుక్కులో చోటు లేదు.

గడువును తలకిందులుగా లెక్కపెట్టండి

కోర్సు కాలం తక్కువలో తక్కువ రెండేళ్లు. పైన ఎంత సాగదీసుకోవచ్చో మీరు చేరిన సెషన్ ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. పాత బ్యాచ్‌ల వాళ్లు "ఐదేళ్లుంది" అంటుంటారు, ఆ మాట పట్టుకుని కూర్చోవద్దు. నాలుగేళ్లే అనుకుని ప్లాన్ వేయండి. పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతాయి కాబట్టి నాలుగేళ్లలో మీ చేతిలో ఉండేది ఎనిమిది అవకాశాలే. పెళ్లి, డెలివరీ, ఉద్యోగం మారడం, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం... వీటిలో కనీసం రెండు పోతాయని ముందే రాసేసుకోండి. ఆరు మిగిలాయా? దాని ప్రకారం పేపర్లు పంచుకోండి.

రెండో సంవత్సరానికి రీ-రిజిస్ట్రేషన్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. మొదటి ఏడాది పేపర్లు పాసైతేనే కట్టాలనుకుంటారు. అలా కాదు. ఫస్టియర్ పరీక్షలు రాయకపోయినా, తప్పినా, సమయానికి రెండో ఏడాది ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి రిజిస్టర్ చేసుకోవచ్చు, చేసుకోవాలి. పేపర్లు మిగిలాయని ఆగితే ఏడాది పోతుంది. గడువు గడియారం మాత్రం ఆగదు.

అసైన్‌మెంట్లు

థియరీ కోర్సులో 30 శాతం అసైన్‌మెంట్‌ది, 70 శాతం టర్మ్ ఎండ్ పరీక్షది. రెండూ విడివిడిగా పాసవ్వాలి. పరీక్షలో ఎనభై తెచ్చుకున్నా అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ కోర్సు పూర్తయినట్టు కాదు. ఇందులో ఒక మేలు కూడా ఉంది. అసైన్‌మెంట్ పాసై పరీక్ష తప్పితే, అసైన్‌మెంట్ మార్కులు అలాగే ఉంటాయి, పరీక్ష ఒక్కటే మళ్లీ రాస్తారు.

అసైన్‌మెంట్ ప్రశ్నపత్రం సెషన్‌ను బట్టి మారుతుంది. మీ సీనియర్ వాట్సాప్‌లో పంపిన ప్రశ్నలు పోయినేడాదివి అయ్యుంటాయి. వెబ్‌సైట్ నుంచి మీ సెషన్‌దే దించుకోండి. మామూలుగా జూన్ పరీక్షకు మార్చి 31, డిసెంబరు పరీక్షకు సెప్టెంబరు 30 చివరి తేదీ. తరచూ పొడిగిస్తారు. ఆ పొడిగింపు మీద ఆశపెట్టుకుని కూర్చునేవాళ్లను నేను చాలామందిని చూశాను, మొదటి ఏడాది నేనూ అంతే.

చేత్తోనే రాయండి. మొదటి పేజీ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ప్రోగ్రామ్ కోడ్, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్, పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఈ మొదటి పేజీ దగ్గర నేను చేసిన ఘనకార్యం చెప్తాను. క్లినికల్ అండ్ థెరప్యూటిక్ న్యూట్రిషన్ అసైన్‌మెంట్ మూడు రాత్రులు కూర్చుని రాశాను. కాలేయ వ్యాధిలో ఆహారం మీద జవాబు ఏడు పేజీలు వచ్చింది, చూసుకుని మురిసిపోయాను. పైన కోర్సు కోడ్ మాత్రం 005 బదులు 006 వేశాను. ఆ రాత్రే 005, 006 రెండు అసైన్‌మెంట్లూ కుడుతూ కూర్చున్నాను కదా, చెయ్యి అలవాటుగా రాసేసింది. 006 పేరుతో నావి రెండు వెళ్లాయి, 005 పేరుతో ఒక్కటీ వెళ్లలేదు. తప్పు నాదే. అది బయటపడటానికి నాలుగు నెలలు, సరిచేసుకోవడానికి ఇంకో సెషన్ పట్టింది. అప్పటికి నా దగ్గర జిరాక్సు కూడా లేదు.

కాబట్టి మూడు పనులు. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోన్‌లో స్కాన్ చేసి కోర్సు కోడ్ పేరుతోనే దాచండి. ఇచ్చాక రసీదు తీసుకోండి, రసీదు మీద కోర్సు కోడ్ ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. రెండు నెలలకోసారి గ్రేడ్ కార్డు తెరిచి మార్కులు ఎక్కాయా అని చూడండి. ఎక్కకపోతే ముందు స్టడీ సెంటర్ కోఆర్డినేటర్‌ను, తర్వాత రీజినల్ సెంటర్‌ను అడగండి. మనకు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో రీజినల్ సెంటర్లున్నాయి. ఫోన్ చేసి "మేడమ్, నా మార్కులు రాలేదు" అంటే పని జరగదు. రసీదు కాపీ పెట్టి మెయిల్ రాయండి. సబ్జెక్ట్ లైన్‌లోనే ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్ ఉండాలి.

ప్రాక్టికల్స్: ఇక్కడ నిదానంగా వెళ్లండి

ప్రాక్టికల్ బ్యాచ్ ఎప్పుడు నడుస్తుందో స్టడీ సెంటర్ నిర్ణయిస్తుంది. ఒక బ్యాచ్ తప్పితే మళ్లీ బ్యాచ్ పడేదాకా ఆగాల్సిందే. కోఆర్డినేటర్ నంబరు దగ్గర పెట్టుకోండి, బ్యాచ్ తేదీలు తెలిసిన రోజే ఆఫీసులో సెలవు అడగండి. హాస్పిటల్ ఉద్యోగులైతే డ్యూటీ రోస్టర్ వేసేవాళ్లతో నెల ముందే మాట్లాడుకోండి.

రికార్డు రాయడంలో అందరూ చేసే ఒక తప్పు చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల కూర్పు పట్టికలు వేసింది. అందులో 528 ఆహార పదార్థాలున్నాయి. లెక్కలకు అదే వాడండి. కానీ అందులో శక్తి కిలోక్యాలరీల్లో ఉండదు, కిలోజౌళ్లలో ఉంటుంది. వంద గ్రాముల పచ్చి బియ్యం, అంటే వండని బియ్యం, ఎదురుగా 1491 అని కనిపిస్తుంది. దాన్ని 4.184తో భాగిస్తే 356 కిలోక్యాలరీలు. భాగించడం మర్చిపోయి, ఆరోగ్యంగా ఉన్న గృహిణి రోజుకు ఎనిమిది వేల క్యాలరీలు తింటుందని రాసిన రికార్డు నా కళ్లతో చూశాను. ఆ రికార్డు రాసిన అమ్మాయికి ఎక్కడా అనుమానం రాలేదు! ఒకరి ఆహారం లెక్క కట్టాక ఆ అంకె మనిషికి సరిపోయేలా ఉందా అని ఒక్కసారి చూడండి.

24 గంటల డైటరీ రీకాల్, అంటే నిన్న రోజంతా ఏం తిన్నారో అడిగి రాసుకోవడం, తీసుకునేటప్పుడు కూడా కప్పు, టేబుల్ స్పూన్ అని అడక్కండి. మన ఇళ్లల్లో ఎవరు కప్పులతో కొలుస్తారు? "ఏ గిన్నెలో పెట్టుకున్నారమ్మా, ఒకసారి తెస్తారా?" అని అడిగి, ఆ గిన్నె నిండా నీళ్లు పోసి కొలత జాడీలోకి వంచండి. ఊళ్లల్లో ఇంకా బియ్యం సోలతోనో తవ్వతోనో కొలిచి పోస్తారు. ఏ ఇంటి సోల ఆ ఇంటిది, కాబట్టి ఆ సోలెడు బియ్యం తూకం వేసి గ్రాములు రాసుకోండి. నూనె సంగతికొస్తే "రోజుకు ఎన్ని చెంచాలు?" అంటే అందరూ రెండే అంటారు. "నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారు, ఇంట్లో ఎంతమంది?" అంటే నిజం వస్తుంది. ఇలా రాసిన రికార్డు పరీక్షకుల ముందు పెడితే వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు మీ నోట్లోనే ఉంటాయి.

ప్రతి ప్రయోగానికీ సంతకం ఆ రోజే పెట్టించుకోండి. చివర్లో అన్నీ కలిపి పెట్టిద్దామంటే, ఆ కౌన్సెలర్ అప్పటికి వేరే ఊరు వెళ్లిపోయి ఉండొచ్చు.

పరీక్షలు

దీని గురించి ఎక్కువ చెప్పను. పరీక్ష ఫారం ఎవరూ మీ తరఫున కట్టరు. ఆన్‌లైన్‌లో కోర్సు కోర్సుకూ ఫీజు కట్టి, పేమెంట్ రసీదు దాచుకోండి. హాల్ టికెట్ రాగానే కట్టిన కోర్సులన్నీ అందులో ఉన్నాయో లేదో చూడండి. పుస్తకాలు ఇంటికి ఆలస్యంగా వస్తే ఆగిపోవద్దు, ఇగ్నో వాళ్ల ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో అవే పాఠాలు ఉచితంగా ఉంటాయి. మార్కులు మరీ అన్యాయంగా వచ్చాయనిపిస్తే ఫలితం వచ్చిన నెలలోపు రీ-ఎవాల్యుయేషన్‌కు పెట్టుకోండి. నెల దాటాక ఎంత బతిమాలినా లాభం లేదు.

బయోకెమిస్ట్రీకి ఒక్క మాట: గ్లైకాలిసిస్, క్రెబ్స్ సైకిల్ వంటివి, అంటే ఒంట్లో ఆహారం శక్తిగా మారే మెట్లు, చదవొద్దు, గీయండి. గోడకు చార్టు అతికించి రోజూ పళ్లు తోముకుంటూ చూడండి.

ఇంటర్న్‌షిప్, డిసర్టేషన్

ప్రాజెక్టు పని, అంటే ఇంటర్న్‌షిప్ గానీ డిసర్టేషన్ అనే పరిశోధన వ్యాసం గానీ, మీ సెషన్ ప్రోగ్రామ్ గైడ్ పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయాలి. ఏదైనా సరే, పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి. సినాప్సిస్ (ఏం చేయబోతున్నారో చెప్పే చిన్న ప్రణాళిక), దానితో పాటు మీకు గైడ్‌గా ఉండేవాళ్ల బయోడేటా పంపి, ఆమోదం వచ్చాకే డేటా సేకరణకు దిగండి. ఆమోదం రాకముందే వందమందిని ఇంటర్వ్యూ చేసేసి, తర్వాత టైటిల్ మార్చమంటే తల పట్టుకోవాల్సి వస్తుంది.

టాపిక్‌ను చిన్నది చేయండి. 'మధుమేహ రోగుల ఆహారపు అలవాట్లు' అంటే అది ఒక మనిషి జీవితకాలం పని. 'మా ఊరి ఆసుపత్రికి డయాలసిస్ కోసం వచ్చే 40 మంది రోజుకు తీసుకునే ప్రొటీన్' అంటే ఆరు నెలల్లో తేలుతుంది, చదివేవాళ్లకూ పనికొస్తుంది. కిడ్నీ జబ్బు అనగానే పప్పు, గుడ్డు మానేయమని చుట్టుపక్కలవాళ్లు చెప్తారు. డయాలసిస్ మొదలయ్యాక సంగతి వేరు, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఈ తేడా ఎంతమందికి తెలుసో అడిగినా మంచి ప్రశ్నపత్రమే తయారవుతుంది.

మనుషుల మీద అధ్యయనం కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి సంగతి గైడ్‌తో మొదటి రోజే మాట్లాడండి. ఆసుపత్రిలో కమిటీ నెలకోసారో రెండు నెలలకోసారో కూర్చుంటుంది, మీ తొందర వాళ్లకు ఉండదు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, అదీ రోగి చదివి అర్థం చేసుకునే తెలుగులో. 'ఈ అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు' అని రాసి సంతకం పెట్టమంటే పాపం వాళ్లు కోర్టు కాగితం అనుకుంటారు. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా విడిగా తీసుకోవాలి.

ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు మొదటి రోజు నుంచే డైరీ రాయండి. ఉదయం ఆర్‌టీ ఫీడ్‌లు (ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా ఇచ్చే ద్రవాహారం) ఎన్ని తయారయ్యాయి, ఏ వార్డుకు ఏ డైట్ షీట్ వెళ్లింది, కిచెన్‌లో ఇడ్లీ ఒక్కోటి ఎంత బరువు తూగింది, ఇలా రోజుకు అరపేజీ చాలు. రిపోర్టు రాసేటప్పుడు ఆ అరపేజీలే అన్నం పెడతాయి. సర్టిఫికెట్‌లో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, పనిచేసిన విభాగాలు, పర్యవేక్షించిన డైటీషియన్ పేరు, హోదా స్పష్టంగా ఉండేలా చూసుకోండి. తర్వాత రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలనుకుంటే, ఆసుపత్రి ఎంచుకోకముందే ఆ పరీక్ష పెట్టే బోర్డు నిబంధనలు చదవండి. ఇంటర్న్‌షిప్ అయిపోయాక చదివితే ఉపయోగం లేదు.

శాతం సంగతి

పాసైతే చాలనుకోకండి. యూజీసీ నెట్ హోం సైన్స్ రాసి లెక్చరర్ కావాలనుకుంటే పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50. మొదటి ఏడాది మార్కులు రాగానే సగటు కట్టి చూసుకోండి, 53 దగ్గర ఉంటే రెండో ఏడాది అసైన్‌మెంట్ల మీద కూర్చోండి. తక్కువ శ్రమకు మార్కులు పెరిగేది అక్కడే. చివరికి 55కో ఫస్ట్ డివిజన్‌కో రెండు శాతం లోపు తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ అవకాశం ఉంది. అది థియరీ పరీక్షలకే, ప్రాక్టికల్స్‌కూ ప్రాజెక్టుకూ కాదు. ఫైనల్ మార్కుల జాబితా వచ్చిన ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాలి.

కంప్లీటెడ్ అని కనిపించాక

స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకోండి, తప్పు లేదు. ఆ తర్వాత పేరు చూసుకోండి. మన తెలుగువాళ్లకు ఇదో పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పెళ్లయ్యాక బ్యాంకు పాసుబుక్కులో అత్తగారి ఇంటిపేరు చేరుతుంది. ఇగ్నో రికార్డులో ఏముందో చూసి, మెమోకు తేడా ఉంటే పట్టా ముద్రణకు వెళ్లకముందే రీజినల్ సెంటర్‌కు రాసి సరిచేయించుకోండి. ముద్రించాక మార్చాలంటే అఫిడవిట్లు, మళ్లీ ఫీజు, నెలల తరబడి ఎదురుచూపు.

మార్కుల జాబితా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ పోస్టులో వస్తాయి. అసలు పట్టాకు స్నాతకోత్సవం ప్రకటన వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టాలి. కట్టకపోతే అది ఇంటికి రాదు. అద్దె ఇల్లు మారి ఉంటే ముందు చిరునామా మార్చండి. పిన్‌కోడ్ మరోసారి చూసుకోండి, పోస్ట్‌మాన్ వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా అమ్మకో పక్కింటివాళ్లకో చెప్పి ఉంచండి. ఆ కవరు మీద సంతకం పెట్టి తీసుకోవాలి.